గెట్టు పంచాయితీ

ఓదెలుకు కొమురెల్లికి మాటల్లేక పదకొండేండ్లు.
అన్న చేనుకు తమ్ముని చేనుకు నడుమ
మూడు గజాల జాగ.
నాదంటే నాదని ఇద్దరు కోర్టు మెట్లెక్కిన్రు,
నాగలి మాత్రం ఎవ్వరూ పెట్టలే.

అండ్ల తంగేడు మొలిచింది, రేగు మొలిచింది.
ఎవరూ ఇత్తకుండనే గరిక, గునుగు, వెంపలి,
పేరు తెల్వని ఇంకేందో ముండ్ల తీగె.
శాయంపేట బాటల పోయేటోళ్ళు
"కొట్లాట మంచిగ పండింది" అని నవ్వేటోళ్ళు.

నా కైకిలి గా జాగల.
వరంగల్ నుంచి వచ్చే నౌషీన్ మేడం
ఒక ఇనుపతీగె చౌకం ఇచ్చింది, నోటుబుక్కు, రెండు పెన్నులు.
పొద్దు పొడవక ముందు చౌకం కింద పెట్టాలె,
అండ్ల ఎన్ని సాలెపురుగులున్నయో రాయాలె.
గెట్టు మీద ఒకపారి,
పది సాళ్ళ అవుతల ఒకపారి,
పత్తిచేను నట్టనడుమ ఒకపారి.

మొదటి దినం భయమైంది.
రెండో దినం మంచు పడ్డది.
మంచుల ప్రతి గూడు తెల్లగ తేలింది,
కొత్తవాడల మా నాయిన
జంపఖానకు పడుగు ఎక్కించినట్టు.
మేం మగ్గం అమ్ముకొని తిన్నం.
ఇది నేసిందే తింటది,
తిని మళ్ళ నేస్తది.

గెట్టు మీద పందొమ్మిది.
పది సాళ్ళ అవుతల ఏడు.
నడుమ రెండు.
మందు కొట్టిన తెల్లారి చేనంత సున్న,
గెట్టు మీద పదకొండు.
వారం దాటినంక అక్కడికెల్లే
ఒక్కొక్కటి దారం గాలికిడిసి
పత్తిల దిగినయ్, అంగడికి పోతున్నట్టు.

వల నేయని జాతి ఒకటుంది.
పిల్లల్ని వీపు మీదేసుకొని నేల మీద ఉరుకుతది.
దాన్ని ఒకటని రాయాల్నా, యాభై అని రాయాల్నా?
ఫోన్ల మేడం చాలాసేపు నవ్వింది,
ఒకటే రాయమన్నది.
రాసిన. పక్కన చిన్నచిన్న చుక్కలు పెట్టిన.

జొన్నకర్ర మీద ఏట్రింత కూసునేది.
రెక్కపురుగు లేస్తే గాలిలనే పట్టేది,
నా లెక్కలున్న సాలెపురుగును గూడ ఎత్తుకపోయేది.
మొదట మన్ను పెల్ల ఇసిరిన.
తర్వాత దాని పేరు గూడ రాసిన, పేజీ ఎనుక.

ఈ ఏడు కొమురెల్లి ఎంజీఎంల పడ్డడు.
నెత్తురు ఓదెలుది కలిసింది.
కేసు వాపసు. యాట తెగింది.
ఊరంత సంబురం, నాకూ ఇస్తారి ఏసిన్రు.
బొక్క చీకుతుంటే ఓదెలు అన్నడు:
"ఎల్లుండి జేసీబీ వస్తది భూలచ్చీ,
చెరొక సాలున్నర పెరుగుతది."

సాలంటే మా దిక్కు రెండు అర్థాలు.
చేన్ల గీసిన గీత ఒకటి.
ఇగ వద్దనుడు ఒకటి.
రెండోది ఎవరికీ యాదికి రాలే.

కలిసిన అన్నదమ్ముల్ని చూసి
కడుపు మండింది నాకొక్కదానికే.
ఇంకొక్క ఏడు కొట్లాడుకుంటే ఏం బోయింది,
అనుకున్న. అనుకొని సిగ్గుపడ్డ.
నీళ్ళు తాగి లేచి అడిగిన:
"ఒక్క మూర ఇడువున్రి, పొడుగుత."

"కిరాయి ఎంత కడతయ్ నీ పురుగులు?"
కుట్లు పట్టుకొని నవ్విండు కొమురెల్లి.
ఓదెలు నవ్వలే.
నిరుడు పచ్చదోమకు చేనంత ఎర్రబడ్డనాడు
గెట్టు పక్క సాళ్ళు పచ్చగుండుడు
గాయిన చూసిండు.
చూసిండు గాని, ఏం అనలే.
చెయ్యి కడుక్కొని పోయిండు.

జేసీబీ వచ్చిననాడు
చీకటుండంగనే చౌకం పెట్టిన.
ఇరవైమూడు.
వీపున పిల్లలున్నది ఒకటి, పక్కన చుక్కలు.

తంగేడు ఏర్లతో లేచింది.
గుంపులు గుంపులు పురుగులు లేచినయ్.
బకెట్టు ఎనుకనే, డ్రైవరు నెత్తి మీదికెల్లే
ఏట్రింత తిరుగుడే తిరుగుడు.
దానికి ఇయ్యాల యాట కూర.